పువ్వు మీట, దడి మీట

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, టెక్కలిలో నేను పనిచేసే హైస్కూల్లో పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నప్పుడు మా పెద్దమ్మ ఫోన్ చేసింది. పెద్దమ్మ అంటే మా పెదనాన్న భార్య. కవిటి దగ్గర పల్లెలో ఉంటారు ఇద్దరూ. ఆమెకి డెబ్భై దాటాయి. పాత బటన్ల ఫోన్ పాడైపోయి, ఈమధ్యనే చేతికి అద్దంలాంటి కొత్త ఫోన్ వచ్చింది. "గౌరీ, గ్యాసు బండకి ఫోన్ సేత్తే ఓ ఆడమనిసి మాటాడతంది. నెంబరు నొక్కి, ఏదో హాసు నొక్కమంటంది. అది దడి గురుతేనా? ఈ ఫోన్లో నాకు అవుపడ్డం నేదే" అంది.

ఆ ఆడమనిషి మాట్లాడుతున్నప్పుడే ఫోన్ని చెవి దగ్గర్నుంచి తీసి చూడమన్నాను. చుక్కలు చుక్కలుగా ఒక బొమ్మ ఉంటుంది, దాన్ని తాకితే అంకెలు వస్తాయి, అన్నిటికంటే కింది వరసలో ఎడమ చేతి వైపు పువ్వు, మధ్యలో సున్నా, కుడిచేతి వైపు దడి అని చెప్పాను. "సున్నా కింద కూడిక గురుతేటో ఉంది, అదీ నొక్కాలా?" అని అడిగింది. "వద్దు పెద్దమ్మా. అది వేరే దేశానికి ఫోన్ చేసేవాళ్ళకి. సున్నాని నొక్కి పట్టుకుంటేనే వస్తుంది. నీకు దాంతో పనిలేదు" అన్నాను. పది నిమిషాలకి మళ్ళీ చేసి, "నొక్కేను. బుక్కయిపోనాది" అని పెట్టేసింది. నేను మాత్రం ఎర్ర పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. దడి అన్న మాట విని ఎన్నేళ్ళయిందో. లోకమంతా హ్యాష్ అనే ఆ గుర్తుని దడి అనేది మా ఇల్లు ఒక్కటే. ఆ పేరు పెట్టింది మా నాయనమ్మ. ఆమె చదువుకోలేదు. ఆ పేరు పెట్టేనాటికి ఆమెకి చూపు కూడా సరిగ్గా లేదు.

మా అమ్మానాన్నలు సంతబొమ్మాళి వైపు పల్లెలో ఉండేవారు. నేను ఆరో తరగతికి వచ్చాక పెదనాన్న ఇంటికి పంపారు. కవిటిలో హైస్కూలు ఉంది, నాయనమ్మకి చూపు మందగిస్తోంది, చెయ్యి పట్టుకుని నడిపించేందుకు ఒక ఆడపిల్ల ఇంట్లో ఉంటే బాగుంటుందని రెండు వైపులా అనుకున్నారు. ఆ ఇల్లు చుట్టూ కొబ్బరితోట. మిట్టమధ్యాహ్నం కూడా వాకిట్లోకి సూటిగా ఎండ పడేది కాదు, ఆకుల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా రాలేది. వాకిలి చుట్టూ కొబ్బరాకు దడి. నిలువు కర్రలకి అడ్డంగా వెదురుబద్దలు కట్టి, ఆకులు అల్లి కట్టిన దడి. ఏటా వానలకి ముందు దాన్ని విప్పి కొత్తది కట్టేవారు. పెరట్లో నానబెట్టిన పీచు వాసన, పక్క కొట్లో ఎండు కొబ్బరి వాసన, వేసవిలో పనసపండు వాసన, ఎవరైనా జీడిపిక్కలు కాలిస్తే గొంతు పట్టేసే పొగ. మొదటి వారం నాకు తలనొప్పి వచ్చింది. తర్వాత సెలవులకి మా ఊరెళితే అక్కడ ఏ వాసనా లేనట్టు అనిపించింది.

తెల్లవారక ముందే పెద్దమ్మ లేచి నూతిలోంచి నీళ్ళు తోడేది. గిలక చప్పుడుతోనే నాకు మెలకువ వచ్చేది. ఆ నూతి నీళ్ళు తియ్యగా ఉంటాయని పెదనాన్నకి గొప్ప. ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుడు నీళ్ళిచ్చి, "తాగి సెప్పు, ఎలగున్నాయో" అనేవాడు. పొద్దున్న అందరికీ చోడి అంబలి, అంటే రాగి జావ, నంజుకోడానికి ఉల్లిపాయ. తర్వాత మగవాళ్ళు కాయలు ఒలిచే గునపాల దగ్గరికి, నాయనమ్మ కొట్టు ముందుకి వెళ్ళేవారు. నాయనమ్మ పనేమిటంటే కాయలు వేరు చెయ్యడం. రెండు కాయలు చేతుల్లోకి తీసుకుని ఒకదానికొకటి తట్టేది. ఆ చప్పుడు బట్టి ఇది ముదురు, ఇది లేత, ఇందులో నీరు ఇంకిపోయింది, దీనికి లోపల పగులుంది అని చెప్పి వేరే వేరే కుప్పల్లోకి దొర్లించేది. కళ్ళు బాగున్నప్పుడు ఎలా చేసేదో, చూపు పోయాకా అలాగే చేసేది. కొబ్బరి కొనేందుకు వచ్చిన షావుకార్లు ఆమె వేరు చేసిన కుప్పని మళ్ళీ చూసుకునేవారు కాదు.

పెదనాన్న కొబ్బరి వ్యాపారి. మా చుట్టుపక్కల తోటల్లో కాయలు కొని దూరపు ఊళ్ళకి లారీల మీద పంపేవాడు. అందుకని మా వీధిలో మొదటి టెలిఫోను ఆ ఇంటికే వచ్చింది. బూడిదరంగు ఫోను, పన్నెండు మీటలు. కొత్తలో ఏ అంకె నొక్కినా అన్నిసార్లు కటకటమని చప్పుడయ్యేది. ఏడు నొక్కితే ఏడు కటకటలు. కింద వరసలో అటొకటి ఇటొకటి ఉన్న రెండు మీటలు మాత్రం ఎంత నొక్కినా పలికేవి కావు. అవి అందానికి పెట్టారనుకునేదాన్ని. ఓసారి నాయనమ్మ మీటల మీద వేళ్ళు పాముతూ, "ఇదేటి, పువ్వులా ఉంది. ఇదేటి, దడి కట్టినట్టుంది" అంది. ఆ మీటల మీద గుర్తులు కొంచెం ఉబ్బెత్తుగా ఉండేవి. అప్పట్నుంచి అవి పువ్వు, దడి అయ్యాయి.

ఏడాది తర్వాత ఎక్స్చేంజిలో కొత్త మిషన్లు పెట్టారని లైన్‌మాన్ వచ్చాడు. ఫోన్ తిరగేసి అడుగున ఉన్న చిన్న మీటని ఒక వైపునుంచి ఇంకో వైపుకి జరిపాడు. అంతే, కటకటలు పోయాయి. ఇప్పుడు ఒక్కో అంకె ఒక్కో స్వరంలో పలికింది. పువ్వు, దడి కూడా పలికాయి. లైన్‌మాన్ పెదనాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెండింటితో ఏం చెయ్యొచ్చో చెప్పాడు. ముందు పువ్వు నొక్కి, ఒక వరసలో అంకెలు, మళ్ళీ పువ్వు, తనకి మాత్రమే తెలిసిన నాలుగంకెల రహస్యం నొక్కి, చివర దడి నొక్కితే ఫోన్‌కి తాళం పడుతుంది. దగ్గర ఊళ్ళకి మాట్లాడొచ్చు గాని, సున్నాతో మొదలయ్యే దూరపు నెంబరు ఏదీ కలవదు. అదే, ముందు పువ్వుకి బదులు దడి నొక్కితే తాళం తెరుచుకుంటుంది.

ఆ తాళం ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. బయటివాళ్ళకి మాత్రం కాయలు ఒలిచే కూలీలు వచ్చి ఎక్కడెక్కడికో మాట్లాడేస్తారని చెప్పేవారు. అసలు సంగతి మా అత్త. పెదనాన్నకి ఆఖరి చెల్లెలు, సరోజినత్త. ఆమె నర్సు చదువు చదివి ఒరిస్సాలో రాయగడలో ఒక ఆస్పత్రిలో పనికి కుదిరింది. అక్కడే పనిచేసే టెక్కలి వైపు మనిషిని పెళ్ళి చేసుకుంది. అతనివాళ్ళు మిషన్ సంఘానికి చెందిన బాప్టిస్టు క్రైస్తవులు. మంచి కుటుంబమే, అతనూ మంచివాడేనని తర్వాత అందరం అన్నాం. కాని అప్పుడు పెదనాన్న, తనకి చెప్పకుండా చేసుకుందన్న ఒక్క మాట మీద నిలబడిపోయాడు. "ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్నేవు" అన్నాడు. ఆమె ఒకసారి ఫోన్ చేస్తే గొంతు గుర్తుపట్టి పెట్టేశాడు. మళ్ళీ ఆమె చెయ్యలేదు. ఉత్తరాలు రాసేది. వాటిని పెదనాన్న చింపేవాడు కాదు, చదివేవాడూ కాదు. గూట్లో పెట్టేవాడు. నాయనమ్మ వాటిని తీసుకుని తన చాప కింద దాచుకునేది. నేను చదివి వినిపించేదాన్ని. ఒక కార్డు అడుగున ఆస్పత్రి నెంబరు రాసి, "మధ్యాహ్నం రెండు దాటాక నాకు ఖాళీ" అని ఒక ముక్క ఉంది. ఆ ముక్క నాయనమ్మ నాచేత ఎన్నిసార్లు చదివించిందో చెప్పలేను.

రెండేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం పెదనాన్న, పెద్దమ్మ కాశీబుగ్గలో పెళ్ళికని పొద్దున్నే వెళ్ళారు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నాయనమ్మ ఫోన్ ఉన్న గది గుమ్మంలో కూర్చుని నన్ను పిలిచింది.

"ఓలె గుంటా, ఇలగ రా. మీ పెదనాన్న ఆ పెట్టెకి తాళం తీసినపుడు ఓ పాటొస్తాది, ఇన్నావా?"

"పాటేంటి నాయనమ్మా, అది నెంబరు."

"నాకు నెంబర్లు తెలవు. నాకు సప్పుడు తెలుసు. తాళం ఏసినపుడు ఓ పాట, తీసినపుడు ఇంకో పాట. తీసేదాంట్లో మొదటిదీ ఆకరిదీ ఒకటే గొంతు. నువ్వు ఒక్కో బొత్తాం నొక్కు. నాను సెప్తాను."

పెదనాన్నకి ఒక అలవాటుంది. లైన్లు ఒక పట్టాన కలిసేవి కావు కాబట్టి రిసీవరు ఎత్తకుండా స్పీకరు మీట నొక్కి, నెంబరు కొట్టి, అవతల గంట మోగాకే రిసీవరు ఎత్తేవాడు. రెండేళ్ళుగా ఆ గది గోడకి అవతల మంచం మీద కూర్చుని నాయనమ్మ ఆ చప్పుడు వింటూనే ఉంది. నేను భయపడుతూనే స్పీకరు పెట్టి ఒకటి నుంచి దడి వరకు వరసగా నొక్కాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ నొక్కమంది. "అడ్డంగా ఓ వరసలో ఉన్నాయి గదా, ఆ మూడింటికీ అడుగు గొంతు ఒకటే. పైన గొంతు మారతాది" అంది. నాకేమీ తేడా తెలియలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఫిజిక్స్ టీచరునయ్యాక ఒక పుస్తకంలో చదివాను. ఆ ఫోన్లలో ప్రతి మీట రెండు స్వరాలు కలిపి పలుకుతుందట. అడ్డువరసకి ఒకటి, నిలువువరసకి ఒకటి. ఆ పేజీ మూల మడిచి పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం మాత్రం మాకు చాలాసేపు పట్టింది. మొదటిదీ చివరిదీ దడి అని వెంటనే తేలింది. తర్వాత రెండు అంకెలు, మధ్యలో పువ్వు కూడా దొరికాయి. రహస్యపు నాలుగంకెల దగ్గర ఆగిపోయాం. నేను నొక్కడం, ఆమె "కాదు, ఇంకా సన్నం" అనడం, "అదే, అదే, దాని తరవాతది బరువుగా ఉంటాది" అనడం. తప్పు కొట్టినప్పుడల్లా ఎక్స్చేంజిలో ఆడగొంతు మాట్లాడేది. నేను గభాలున స్పీకరు ఆపేసి వీధి వైపు చూసేదాన్ని. ఎన్నోసారో గుర్తులేదు, చివరి దడి నొక్కాక ఆ గొంతు వేరే మాట చెప్పింది. నాయనమ్మ నా మోకాలి మీద చరిచి, "తెరుసుకుంది" అంది.

కార్డు చూసి రాయగడ నెంబరు కొట్టాను. సున్నా కలిసింది. ఎవరో ఎత్తి ఒరియాలో మాట్లాడారు. నాకు ఒరియా రాదు. నాయనమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల, ఒరిస్సాలో. ఆమె ముందుకి వంగి, నిన్నో మొన్నో మాట్లాడినట్టు ఒరియాలో సరోజిని సిస్టర్‌ని పిలవమని చెప్పింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎవరో పరిగెత్తుకొచ్చిన ఆయాసం వినిపించింది.

"ఎవరు?"

"నానే. తిన్నావేటే?"

అవతల ఆయాసం ఇంకా తగ్గలేదు. నాయనమ్మ మళ్ళీ "తిన్నావేటే, అమ్మా?" అంది. "తిన్నాను" అంది అత్త. అక్కడ నుయ్యి ఇంటికి దగ్గరా, దూరమా, అత్తగారు ఎలాంటిది, బియ్యం ఎలాంటివి దొరుకుతాయి అని నాయనమ్మ వరసగా అడిగింది. అత్త అన్నిటికీ జవాబు చెప్పి, చివరికి, "అన్నియ్య ఎలగున్నాడమ్మా?" అంది.

"బాగానే ఉన్నాడు. ఈమజ్జ సాయంత్రమయ్యేసరికి పాదాలు పొంగుతున్నాయి. జోళ్ళు పట్టడం నేదని విసుక్కుంతన్నాడు."

అత్త గొంతు మారిపోయింది. అంతవరకు కూతురు మాట్లాడింది, ఆ తర్వాత నర్సు మాట్లాడింది. పొద్దున్న లేవగానే కళ్ళ కింద ఉబ్బుతోందా, ఎన్నాళ్ళనుంచి, ఒంటేలు ఎలా ఉంది, ఆకలి ఉందా. నాయనమ్మకి తెలిసినవి ఆమె, నేను చూసినవి నేను చెప్పాం. "మీ వైపు మనుసులు ఎంతమంది ఇలగే వస్తన్నారో నీకు తెలీదమ్మా. ముందు కాళ్ళ వాపే అంటారు. అన్నియ్యని రక్తం చూపించుకోమను. ఆలీసం సెయ్యొద్దని సెప్పు" అంది.

ఫోన్ పెట్టేశాక నాయనమ్మ చాలా సంతోషంగా ఉంది. నాకు కాలు నేల మీద ఆనలేదు. ఆ సంతోషంలో ఇద్దరం ఒక సంగతి మరిచిపోయాం. తీసిన తాళం మళ్ళీ వెయ్యలేదు.

సాయంత్రం పెదనాన్న పెళ్ళినుంచి వచ్చి, చొక్కా విప్పుతూనే ఎవరో షావుకారుకి ఫోన్ చెయ్యబోయాడు. తాళం తియ్యడం మర్చిపోయి నేరుగా సున్నా కొట్టాడు. కలిసింది. వెంటనే పెట్టేశాడు. "దీని తాళం ఎవలు తీసేరు?" అని గట్టిగా అరిచాడు. పెద్దమ్మ తనకి తెలియదంది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. నాయనమ్మ మంచం మీంచే చెప్పింది.

"నానే తీసేను."

"నీకు కళ్ళు అవుపడవు గదే అమ్మా!"

"సెవులున్నాయి గదరా. సరోజినితో మాటాడేను. నీ కాళ్ళ సంగతి సెప్పేను. రకతం సూపించుకోమంది."

పెదనాన్న ముఖం ఎర్రబడింది. నా వైపు ఒకసారి చూశాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. తువ్వాలు భుజాన వేసుకుని తోటలోకి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

మర్నాడు పొద్దున్న అంబలి తాగాక ఫోన్ ముందు కూర్చుని రహస్యపు అంకెలు మార్చాడు. నేను బడికి బయల్దేరుతూ చూశాను. స్పీకరు పెట్టే నొక్కాడు. అదీ ఒక్కో మీటా ఆగి ఆగి, పలక మీద చిన్నపిల్లలు దిద్దినట్టు. మామూలుగా ఆయన నెంబరు కొడితే వేళ్ళు కనిపించేవి కావు. గోడకి అవతల నాయనమ్మ తల వంచి వింటోంది. సాయంత్రం నేను బడి నుంచి రాగానే ఆమె నవ్వుతూ, "కొత్త పాట వచ్చీసింది" అంది. ఆ తర్వాత ఆయన ఎప్పుడు తాళం తీసినా అంత నెమ్మదిగానే తీసేవాడు. ఆయన తోటలోనో సంతలోనో ఉన్న మధ్యాహ్నాలు వారానికొకసారి మేము రాయగడకి మాట్లాడేవాళ్ళం. ఇప్పుడు తాళం వెయ్యడం మర్చిపోయేవాళ్ళం కాము. పెద్దమ్మకి తెలుసు. ఆమె ఆ సమయానికి పెరట్లో ఏదో పని కల్పించుకునేది.

కాళ్ళ సంగతి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. నాయనమ్మ రోజూ అనేది, ఆయన రోజూ విననట్టు పోయేవాడు. నాలుగైదు నెలలకి ఒకసారి విశాఖపట్నంలో వ్యాపారం పనుందని వెళ్ళాడు. వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, నేనింట్లో ఉండగా, మడత పెట్టిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఇది ఇంగ్లీసులో ఉంది. ఎవలికి సదవాలో ఆళ్ళకి సదువు" అన్నాడు.

తర్వాత బయటికి పోతాడనుకున్నాను. పోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన చూస్తుండగా నేను ఆయన రహస్యపు అంకెలన్నీ దడి నుంచి దడి దాకా నొక్కాను. అత్త ఫోన్లోకి వచ్చింది. నేను కాగితంలోని మాటలు, వాటి ఎదురుగా ఉన్న అంకెలు ఒక్కొక్కటే చదివాను. ఒక మాట దగ్గర ఆమె ఆపి మళ్ళీ చదవమంది. చదివాను. "అన్నియ్య అక్కడున్నాడా?" అంది. ఉన్నాడన్నాను. "స్పీకరులో ఉందా?" ఉందన్నాను.

"అన్నియ్యా, కిడ్నీల సంగతి ఇప్పుడే తెలిసింది గనక మంచిదయింది. ఉప్పు తగ్గించాలి. నొప్పులకి షాపులో గోలీలు కొనుక్కుని ఏసుకుంతన్నావంట, అవి మానియ్యి. నాను సెప్పిన డాక్టరు దగ్గరికెళ్ళు. మూడు నెలలకోసారి రక్తం చూపించుకో. కోపం నా మీద ఉంచుకో, నీ ఒంటి మీద సూపించకు."

నాయనమ్మ మంచం మీద నిటారుగా కూర్చుంది. పెదనాన్న గుమ్మం గొళ్ళెం పట్టుకుని నేల వైపు చూస్తున్నాడు. అత్త అవతల ఎదురుచూస్తోంది. ఎంతసేపటికో ఆయన "ఊఁ" అన్నాడు. ఫోన్‌కి వినిపించిందో లేదోనని నేను, "ఊఁ అన్నాడత్తా" అన్నాను. "ఇన్నాను" అంది అత్త. దాదాపు మూడేళ్ళ తర్వాత అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకున్న మాట అదొక్కటే. కాని ఆయన ఉప్పు తగ్గించాడు. గోలీలు మానేశాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ ఏడాది వానల తర్వాత అత్తా మావయ్యా వచ్చి రెండు రోజులున్నారు. పెదనాన్న మావయ్యకి చెంబుడు నీళ్ళిచ్చి, "తాగి సెప్పు, ఎలగున్నాయో" అన్నాడు. తాళం ఎప్పుడు వెయ్యడం మానేశాడో గుర్తులేదు. నాయనమ్మ అడిగితే, "లైన్లో ఏటో పాడయ్యింది, పడ్డం నేదు" అన్నాడట.

నాయనమ్మ పోయి చాలాకాలమైంది. ఆ నుయ్యి ఇప్పటికీ ఉంది గాని, కిడ్నీల జబ్బు ఆ నీళ్ళ వల్లేనేమోనన్న భయంతో ఎవరూ తాగరు, మొక్కలకి పోస్తారు. తాగడానికి కుళాయి నీళ్ళు, చుట్టాలొస్తే టిన్ను నీళ్ళు. మా వీధిలో అప్పుడు పెదనాన్న దగ్గర కాయలు ఒలిచినవాళ్ళలో సగం మంది కిడ్నీల జబ్బుతోనే పోయారు. వాళ్ళకి కాళ్ళు పొంగినప్పుడు చెప్పేందుకు ఎవరూ లేరు. చెప్పినా వినేవారో లేదో. పెదనాన్నకి మందులతో చాలా ఏళ్ళు నడిచింది. రెండేళ్ళ క్రితం డయాలసిస్ తప్పలేదు. అత్త ఉద్యోగం మానేసి టెక్కలిలో ఉంటోంది, రోజూ వీడియోలో కనిపించి ఆయన పాదాలు చూపించమంటుంది. ఆయన విసుక్కుంటూ చూపిస్తాడు. ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. అత్త నెంబరు నాకు నోటికి రాదు. నా ఫోన్లో పేరు నొక్కితే చాలు. మా పిల్లలకి క్లాసులో రెండు స్వరాల సంగతి చెప్పి నా ఫోన్‌లో మీటలు నొక్కి వినిపిస్తే, ఒక్కరు కూడా తేడా పట్టుకోలేకపోయారు. నాకూ తెలియదు గనక వాళ్ళని ఏమీ అనలేదు. అప్పటి రోజులు మంచివని నేను చెప్పలేను. ఒక మనిషి పన్నెండు మీటల పెట్టెకి తాళం వేసి తల్లినీ కూతుర్నీ విడదియ్యగలిగిన రోజులవి.

పెద్దమ్మ ఫోన్ చేసిన ఆ వారమే, ఆదివారం చూసుకుని పలాస ఆస్పత్రికి వెళ్ళాను. పెదనాన్న డయాలసిస్ మిషన్ పక్కన పడుకుని ఉన్నాడు. అవీ ఇవీ మాట్లాడాక, ఇన్నేళ్ళూ అడగనిది అడిగాను. ఆ మర్నాడు అంకెలు మార్చినప్పుడు, నాయనమ్మకి తెలియాలనే అంత నెమ్మదిగా నొక్కావు కదా అని. మా ఇంట్లో, మా ఆయనకి, పిల్లలకి ఆ కథ నేను అలాగే చెబుతూ వచ్చాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "నెమ్మదిగా నొక్కేనా?" అన్నాడు. తన వేళ్ళ వైపు చూసుకుని, "అప్పటికే సేతేళ్ళు కూడా వాసీసినాయే గౌరీ. గబగబా నొక్కితే రెండేసి బొత్తాలు ఒక్కసారి పడిపోయీవి. అందుకే ఒక్కోటీ సూసుకుని నొక్కీవోణ్ణి. మీ నాయనమ్మకీ పెద్దమ్మకీ సెప్తే కంగారు పడతారని ఊరుకున్నాను" అన్నాడు.

ఆయన వేళ్ళ వాపు మేమెవరమూ చూడలేదు. గోడకి అవతల నాయనమ్మకి వినిపించింది వాపే. అది ఆమెకి కూడా పాటలాగే వినిపించింది. ఇన్నేళ్ళ కథ ఒక్క మాటతో తిరగబడిపోయినట్టయింది నాకు. మిషన్ గడియారంలో ఇంకా పావుగంట ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"స్పీకరు మట్టుకు కావాలనే ఎట్టేనులే" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

నర్సు వచ్చి మిషన్ ఆపింది. సూది తీసి, ఆ చోట దూది పెట్టి, రక్తం ఆగేదాకా వేలితో గట్టిగా నొక్కి పట్టుకోమని నాకు చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. నేను నొక్కి పట్టుకుని కూర్చున్నాను.